సిగ్నల్ అందని కొండింట్లో మేమిద్దరం

దుబాయ్ దగ్గర్లో కొండలున్నాయంటే మా అమలాపురం వైపు ఎవరూ నమ్మరు. "అంతా ఇసకేగా" అంటారు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి నేనూ చూడలేదు. బర్ దుబాయ్ బట్టల కొట్లో పొద్దస్తమానం తానులు విప్పి మళ్ళీ చుట్టేవాడికి కొండలతో ఏం పని? అలాంటిది మొన్న శీతాకాలం సెలవుల్లో రస్ అల్ ఖైమా కొండల్లో ఒక రాతి ఇల్లు అద్దెకు తీసుకుని, నేనూ నా భార్య సత్యవేణీ ఉండి వచ్చాం.

వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి. నేను పిరికివాణ్ణి. లిఫ్టు రెండు క్షణాలు ఆగితే ఇష్టదైవాలందరినీ పిలుస్తాను. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఊళ్ళో ఎవరికో ఏదో అయిందనుకుంటాను. ఇందులో కొండల అందం కంటే నా గుండెదడే ఎక్కువ వినిపిస్తే ఏమీ అనుకోవద్దు. పైగా ఈసారి దడకి కారణం కొండలు కావు.

సత్వాలో బయలుదేరక ముందు

అప్పట్లో మేముండేది దుబాయ్ నగరంలోనే, సత్వాలో, ఒక పాత విల్లాలో. అందులో హాలుని ప్లైవుడ్ పలకలతో ముక్కలు చేసి అద్దెకిస్తారు. పార్టిషన్ అంటారు. పలక కప్పు దాకా వెళ్ళదు, పైన జానెడు ఖాళీ ఉంటుంది. తలుపుండదు, పరదా ఉంటుంది. మనం తుమ్మితే అవతల నుంచి "శతాయుష్షు" అని దీవెన వస్తుంది. అలాంటి చోట మొగుడూ పెళ్ళాలు ఏం మాట్లాడుకుంటారు? మేం గుసగుసలకి అలవాటు పడ్డాం. పోట్లాటలు మాత్రం వాట్సాప్‌లో. ఒకే మంచం మీద వీపు వీపు ఆనించి పడుకుని, ఆవిడ నాకూ నేను ఆవిడకీ మెసేజ్‌లు కొట్టుకునేవాళ్ళం. పక్కవాళ్ళు మమ్మల్ని చూసి, ఎంత అన్యోన్యమైన జంట అనుకునేవారు.

సత్యవేణి ఒక ఇంట్లో వంట చేసి, వాళ్ళ పాపని చూసుకునేది. ఆ కుటుంబం అబుదాబికి మారిపోతోంది. మేడమ్ సత్యవేణిని తమతో వచ్చేయమంది. ఉండడం, తినడం అక్కడే. నెలకొకసారి సెలవు. సెలవులయ్యేలోగా ఏ సంగతో చెప్పాలి.

ఒక సాయంత్రం పక్కనే పడుకుని మెసేజ్ పెట్టింది, "మేడమ్ రమ్మంటున్నారు. ఏం చెప్పమంటారు?" అని.

నేను "నీ ఇష్టం" అని కొట్టాను.

వెళ్ళొద్దని నా మనసు మొత్తుకుంటోంది. కానీ వద్దంటే మంచి పని చెడగొట్టినవాణ్ణవుతాను, పొమ్మంటే పెళ్ళాన్ని పంపించేసినవాణ్ణవుతాను. అందుకని రెండూ కాని మాట కొట్టి ఊరుకున్నాను. ఆవిడ చదివింది. జవాబు పెట్టలేదు. ఆ రోజు నుంచి అన్నం సహించలేదు నాకు.

మా కొట్టుకి అబూ సాలెం అని ఒక పెద్దాయన వస్తాడు. కొండమనిషి, ఈ దేశపువాడే. ఏడాదికొకసారి పొడుగు చొక్కాలకి తెల్లబట్ట కొంటాడు. ఇక్కడి పాతతరం వాళ్ళకి హిందీ బాగా వచ్చు. నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అన్నాడు. నేనేదో నసిగాను. "కొండ మీద మా నాన్న కట్టిన ఇల్లుంది, సెలవుల కోసం వచ్చేవాళ్ళకి అద్దెకిస్తుంటాను, భార్యని తీసుకుని వెళ్ళు" అన్నాడు. తెలిసినవాణ్ణి కాబట్టి సగం ధరకే ఇస్తానన్నాడు. భయపడడానికి నాకు సమయం చాలక "సరే" అనేశాను.

సత్యవేణికి గుసగుసగా చెప్పాను.

"ఆయ్, ఎల్దాం. ఆలోచించుకోడానికి నాక్కూడా ఓ చోటు కావాలి" అంది.



మల్లేశం బండిలో

నన్ను అన్నా అని పిలిచే మల్లేశానిది జగిత్యాల. ఒక కంపెనీలో డ్రైవరు. స్నేహితుడి కారు అడిగి తెచ్చి మమ్మల్ని దింపడానికి వచ్చాడు. మా సామాను చూసి నవ్వాడు.

"ఏందన్నా, గింత సామానెందుకే? గుట్టల్ల దుకాణం పెడ్తవా?"

"మీ అన్నయ్యకి భయం బాబూ. అక్కడ బియ్యం దొరుకుతాయో లేదోనని సగం కొట్టు కట్టించారు" అంది సత్యవేణి.

ఆవిడ తెచ్చుకున్నది మాత్రం నాకు తెలుసు. ఎండురొయ్యలు, మూడు కవర్లలో చుట్టి, దొంగసొత్తులా సంచి అడుగున పెట్టింది. సత్వా వంటింట్లో వాటిని ఒక్కసారే వండింది. ఆ వాసనకి విల్లా అంతా కలిసి పంచాయితీ పెట్టారు. మళ్ళీ వండలేదు.

దారిలో కరక్ చాయ్ కోసం ఆగాం. కారు హారన్ కొడితే కుర్చీలోంచి లేవకుండానే టీ చేతికొస్తుంది, దిర్హమున్నర. మా వైపు టీ కొట్టు దగ్గర నిలబడి కబుర్లాడడమే సగం రుచి. ఇక్కడ తాగినవాళ్ళు కారు దిగరు, ఇచ్చినవాడు నిలబడడు. ఎర్ర ఇసక దిబ్బలు అయిపోయాక ఉన్నట్టుండి కొండలు లేచాయి. పచ్చదనం పేరుకైనా లేదు. గోధుమరంగు రాయి, దాని వెనక ఇంకాస్త ముదురు రాయి. బట్టలమ్మేవాణ్ణి, నాకు రంగుల్లో అంత తేడా ఉంటుందని తెలుసు గానీ, ఒక్క గోధుమరంగులో ఇన్ని ఛాయలు చూడడం అదే మొదలు.

కొండల మధ్యకి వెళ్ళాక రోడ్డు ఒక ఎండిన వాగుని దాటింది. వాదీ అంటారు. అందులో నీళ్ళ చుక్క లేదు, పెద్ద పెద్ద బండలున్నాయి.

"ఇన్ని బండలు ఇక్కడికెలా వచ్చాయి?" అన్నాను.

"వానొస్తే వాగు తెస్తదన్నా. కార్లు గూడ కొట్కపోతయ్."

నేను ఆకాశం చూశాను. మల్లేశం అద్దంలో నన్ను చూసి పగలబడి నవ్వాడు. "బుగులు వడకన్నా! మబ్బు లేదు, ఏం లేదు. ఎల్లుండి పొద్దుగాల్నే వస్త, తోల్కపోత. ఖలాస్."

తాళం చేతికొచ్చిన చోట

కొండ కింద ఊళ్ళో అబూ సాలెం ఇల్లు. చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, చిన్న గిన్నెలో ఏలకుల కాఫీ ఇచ్చాడు. పంచదార ఉండదు, కషాయంలా ఉంటుంది. మర్యాదకి గటగటా తాగేశాను. వెంటనే నింపాడు. మళ్ళీ తాగాను. మళ్ళీ నింపాడు. మన ఇళ్ళల్లో "చాలండీ" అన్నా పోస్తారు, అలాంటిదే కాబోలనుకుని తాగుతూ పోయాను. గిన్నెని కాస్త అటూ ఇటూ ఊపి ఇస్తేనే చాలని అర్థమట. ఇదివరకు పనిచేసిన ఇళ్ళల్లో చూసి సత్యవేణికి ఆ సంగతి తెలుసు. తను ఒక్క గిన్నె తాగి, ఊపి ఇచ్చేసి, నా అవస్థ చూస్తూ కూర్చుంది. చివరికి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలా రోజులకి నవ్వింది కదా అని, ఇంకో గిన్నె తాగడానికి కూడా సిద్ధపడ్డాను.

మల్లేశం అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళిపోయాడు. పై దారికి పెద్ద చక్రాల బండి కావాలి. దాన్ని నడిపేది ఖాన్ భాయ్, పాకిస్తాన్‌లో స్వాత్ వైపు మనిషి, ఆ ఇంటినీ మేకలనీ చూసుకుంటాడు. ఎక్కుతుంటే ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. నేను ఏమీ లేని వైపు కూర్చున్నాను. సగం దారిలో ఖాన్ భాయ్ తాపీగా చెప్పాడు, పైన ఫోన్ సిగ్నల్ ఉండదని. ఇంటి పైన కొండకొనలో ఒక రాయి ఉందట, అక్కడ మాత్రం వస్తుందట.

జ్వరమొస్తే ఎలా, పాము కరిస్తే ఎలా అని ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. అన్నిటికంటే పెద్దది మాత్రం ఆఖరున వచ్చింది. మేమిద్దరం మాట్లాడుకునేది ఆ ఫోన్లోనే కదా.

రెండు గదుల ఇల్లు

మందపాటి రాతి గోడలు. వంగి వెళ్ళాల్సిన వాకిలి. లోపల రెండు గదులు, వంటిల్లు, కొత్తగా కట్టిన స్నానాల గది. ముంగిట్లో ఒక రేగు చెట్టు. దాని పూల తేనె ఇక్కడివాళ్ళకి ప్రాణం. సీసా ధర విని, మా ఊళ్ళో రేగుచెట్ల కింద ఎన్ని లక్షలు తొక్కుకుంటూ తిరిగామో అనుకున్నాను. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఖాన్ భాయ్ గది కూడా దిగువన, మేకల దొడ్డి పక్కన.

ఇంత ఇల్లు చేతిలో పెడితే మేం ఏం చేశామో చెబితే నవ్వుతారు. సత్యవేణి పాల ప్యాకెట్ తీసి, దాని మీద పెన్నుతో "సత్య" అని రాసి, ఖాళీ ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టింది. నేను చెప్పులు ఎవరైనా వేసుకుపోతారని లోపలికి తెచ్చి మంచం కిందకి తోశాను. స్నానానికి వెళ్ళి, బయట వరస ఉన్నట్టు హడావిడిగా రెండు చెంబులు పోసుకుని వచ్చేశాను. ఆ కొండ మీద మేకలు తప్ప ఎవరూ లేరు, అయినా గుసగుసలే. రొట్టెలు ఇవ్వడానికి వచ్చిన ఖాన్ భాయ్ గుమ్మంలో నిలబడి, తనూ గొంతు తగ్గించి అడిగాడు.

"భాయ్ సాబ్, ఘర్ మే కోయీ బీమార్ హై క్యా?"

ఇంట్లో ఎవరికీ జబ్బు లేదని చెప్పడానికి కూడా నాకు పెద్ద గొంతు రాలేదు.

రొట్టెలు తిన్నాక సత్యవేణి లేచి రెండో గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది.

ముంగిట్లో కూర్చున్నాను. ఎంతసేపైనా రాదు. ఏడుస్తోందా? నిద్రపోయిందా? వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంటోందా? రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను. మా ఇంట్లో పరదాయే గాని తలుపు లేదు, అందువల్ల భార్య ఉన్న గది తలుపు ఎలా తట్టాలో నాకు తెలియదు. చెయ్యి పైకెత్తి, దించేసి వచ్చాను. నెమ్మదిగా భయం పోయి కోపం వచ్చింది. ఇంత దూరం తీసుకొస్తే నా మొహం మీద తలుపు వేసుకుంటుందా? అలవాటు కొద్దీ ఫోన్ తీసి కొట్టేశాను.

"వెళ్ళాలనుంటే వెళ్ళు. నన్ను అడగక్కర్లేదు. నువ్వు లేకపోయినా నాకు గడుస్తుంది."

పంపించాను. మెసేజ్ పక్కన చిన్న గడియారం గుర్తు పడి అక్కడే ఆగిపోయింది. ఫోన్ జేబులో పడేశాను.

ఎండ వాలాక సత్యవేణి బయటికి వచ్చింది. తల దువ్వుకుని, చీర మార్చుకుని ఉంది. మొహం తేటగా ఉంది.

"ఇంతసేపు ఏం చేశావ్?"

"ఏం లేదండీ. కూర్చున్నాను."

అంతే చెప్పి వంటింట్లోకి వెళ్ళి, ఎండురొయ్యలు వంకాయలు వేసి కూర మొదలెట్టింది. ఆ వాసన రాతి ఇంటి నిండా పరుచుకుంటుంటే, ఏ పలక అవతల నుంచీ ఎవరూ దగ్గలేదు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆ తృప్తిలో కోపం పోయింది, మెసేజ్ సంగతీ మరిచిపోయాను.

తాళం ఇల్లు

మర్నాడు పొద్దున ఖాన్ భాయ్ మమ్మల్ని ఇంటి వెనక ఉన్న పాత కట్టడానికి తీసుకెళ్ళాడు. సగం భూమిలో, సగం పైన ఉంది. ఇక్కడివాళ్ళు దాన్ని తాళం ఇల్లు అంటారట. వెనకటి రోజుల్లో ఎండాకాలం రాగానే కొండవాళ్ళు ఖర్జూరాల కోతకి సముద్రం వైపు దిగిపోయేవారు. పోయేముందు ధాన్యమంతా ఇందులో పెట్టి, మోచెయ్యంత చెక్క తాళంచెవితో బిగించేవారు. లోపల ఉన్న మట్టి బానలు వాకిలి కంటే పెద్దవి. ఎలా పట్టాయని అడిగాను. బానలు ముందు పెట్టి, తర్వాత వాటి చుట్టూ ఇల్లు కట్టారట. నాలాంటివాడే ఎవడో కట్టించి ఉంటాడు, దొంగ తలుపు తెరిచినా బాన బయటికి రాదు. ఆ మాట అంటే సత్యవేణి నవ్వింది.

తిరిగొచ్చాక నేను ముంగిట్లో మేకపాల టీ తాగుతున్నాను. ఇంట్లోంచి కేక వినిపించింది.

"ఏవండోయ్! ఉప్పెక్కడెట్టారు?"

ఉలిక్కిపడి చుట్టూ చూశాను, ఎవరికి వినబడిందో అని. ఎవరికీ వినబడలేదు. మేకలు కూడా తల తిప్పలేదు.

"సంచిలో ఉంది!" అని నేనూ అరిచాను.

"ఏ సంచీ?"

"ఎర్రది!"

"ఎర్రదాన్లో లేదు!"

ఉప్పు దొరికాక కూడా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఆవిడ గొంతు అంత పెద్దదని పెళ్ళైన కొత్తలో తెలుసు నాకు, తర్వాత మరిచిపోయాను. గుండె నిండిపోయింది. ఇవాళ చెప్పేస్తాను, నోటితోనే చెప్పేస్తాను, వెళ్ళొద్దని. అలా గట్టిగా అనుకున్న కాసేపటికే కొండ వెనక నుంచి మబ్బు లేచింది.

ఖాన్ భాయ్ ఆకాశం చూసి, పెదవి విరిచాడు. వాన పడితే వాదీ వస్తుంది, వస్తే రెండు రోజులు ఎవరూ దిగలేరు. మీ మనిషికి ఫోన్ చేసి ఇవాళే రమ్మనండి అన్నాడు.

సత్యవేణి చెప్పులేసుకుంది. "పదండి, రాయి దగ్గరికి. మేడమ్‌కి కూడా ఇవాళే చెప్పాలి."

"ఏం చెప్తావ్?"

"ఎక్కాక చెప్తాను" అంది.

సిగ్నల్ రాయి దగ్గర

దారి లేదు, మేకలు నడిచిన జాడ తప్ప. ఆవిడ ముందు, నేను వెనక. ఊపిరి అందక ఆగినప్పుడల్లా చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటున్నాను. సత్యా, వెళ్ళకు. సత్యా, నాకేమనిపిస్తుందంటే. ఫొటో తీద్దామన్నట్టు ఫోన్ బయటికి తీశాను, కాస్త ధైర్యం కోసం. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న కొట్టిన మెసేజ్ ఇంకా ఇందులోనే ఉంది, సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ.

ఒళ్ళంతా చెమట పట్టేసింది. అక్కడే నిలబడి దాన్ని తుడిపేయబోయాను. చెమట వేళ్ళకి తెర సరిగ్గా అందలేదు. నొక్కబోయింది ఒకటి, నొక్కింది ఇంకొకటి. మెసేజ్ బదులు మా బావమరిది పంపిన పెళ్ళి ఫొటో తెరుచుకుంది. దాన్ని మూసి వెనక్కి వచ్చేసరికి గడియారం గుర్తు పోయింది. నాకంటే పైన, రాయి పక్కన నిలబడ్డ సత్యవేణి చేతిలో ఫోన్ టింగుమంది.

చదివింది. ఫోన్ దించింది. నా వైపు చూసింది. ఆ చూపు పగవాడికి కూడా వద్దు.

"నేను లేకపోయినా గడుస్తుందా?"

"అది నిన్నటిది సత్యా! ఇప్పటిది కాదు!"

"నిన్న మాత్రం నేనేం చేశానండీ?"

"తలుపేసుకున్నావ్. ఎంతకీ రాలేదు. నాకు కోపమొచ్చింది."

ఆవిడ రాయి మీద కూలబడింది. "ఏళ్ళయిపోయిందండీ నేను తలుపేసుకుని. లోపల ఏం చేశానో తెలుసా? చీర మార్చుకున్నాను. పరదా ఎవరు ఊపుతారో అని చూసుకోకుండా, నెమ్మదిగా, ఒక్కో కుచ్చూ పెట్టుకుని మార్చుకున్నాను. తర్వాత ఊరికే కూర్చున్నాను. మేడమోళ్ళ కొత్తింట్లో నాకో గదిస్తారంట. చిన్నదే, కానీ తలుపుందంట. అందుకండీ ఎల్దామనుకున్నది. జీతానికి కాదు."

నన్ను వదిలి వెళ్ళిపోవాలనుకుంటోందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఆవిడ వదిలిపోవాలనుకున్నది ఆ ప్లైవుడ్ పలకనట. పలకకి ఇవతల నేను కూడా ఉన్నాను, అదే వచ్చిన చిక్కు.

"ఎల్లొద్దు సత్యా" అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేంటి, వంటా అదీ... మనవాళ్ళు ఏమనుకుంటారు..."

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"అది కాదు. నాకు భయం" అన్నాను. "నాకు అన్నిటికీ భయమేగా, నీకు తెలుసు. నువ్వు పక్కన లేకుండా రోజూ ఇంటికి రావడం ఇంకా పెద్ద భయం. నాకేం గడవదు. అబద్ధం కొట్టాను."

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. ఒకటి రెండు చినుకులు రాయి మీద పడ్డాయి.

"మరి తలుపో?" అంది చివరికి.

షార్జా వెళ్దామని ఆవిడ ఎన్నోసార్లు అడిగింది. ఒక్క గదైనా విడిగా దొరుకుతుంది, ఉన్న డబ్బులకి సరిపోతుంది. ఆ ట్రాఫిక్‌లో రోజూ బర్ దుబాయ్ ఎలా వస్తానని నేనే అడ్డం పడ్డాను. బస్సు దొరక్కపోతే, ఆలస్యమైతే, ముదీర్ తిడితే. ముదీరంటే మా కొట్టు మేనేజరు, ఆయనన్నా నాకు భయమే.

"షార్జా ఎల్దాం" అన్నాను.

"బస్సుకి తెల్లారకుండానే లేవాలి."

"లేస్తాను."

"రోజూనండీ. ఒక్క రోజు కాదు."

"రోజూ లేస్తాను."

"ఉగాది లోపల మారకపోతే, మేడమ్‌కి నేనే ఫోన్ చేసి వచ్చేత్తానని చెప్పేత్తాను. మళ్ళీ నీ ఇష్టం అనకూడదు."

"అనను."

ముందు మల్లేశానికి చేశాను. "బుగులు వడకన్నా, ఇప్పుడే ఎల్తున్న" అన్నాడు. తర్వాత సత్యవేణి మేడమ్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను, ఆవిడ చెయ్యి పట్టుకుని.

"మేడమ్, మై నహీ ఆయేగీ" అంది, రానని.

"క్యోం? క్యా హువా?"

సత్యవేణి నా మొహం చూసింది. ఆ కళ్ళల్లో కొంటెతనం కనిపించింది.

"మేరా ఆద్మీ నహీ ఛోడ్‌తా మేడమ్."

నా మొగుడు పంపనంటున్నాడు. అంతే, మేడమ్ అందుకుంది. ఎలాంటి మొగుడమ్మా నీవాడు, పెళ్ళాం బాగుపడితే చూడలేడా, ఈ కాలంలో కూడా ఇలాంటి వాళ్ళున్నారా అని హిందీలో ఏకధాటిగా తిట్టడం మొదలెట్టింది. వాన పెద్దదవుతోంది. ఎదురుకొండ మీద మేకల్ని తోలుకొస్తున్న ఖాన్ భాయ్ కూడా ఆగి మా వైపు చూశాడు. సత్యవేణి నవ్వాపుకుంటూ "హా మేడమ్, హా మేడమ్" అంటోంది. స్పీకరు మాత్రం తగ్గించలేదు.